జవాబివ్వదగిన చెత్త

మూడో రోజు కూడా కంప్యూటరు ముందు నాలుగు కుర్చీలు వేసి ఉన్నాయి. మనిషి ఉన్నది ఒక్క కుర్చీలోనే.

ఉదయం ఏడున్నర ఆ ఇంట్లో దర్బారు వేళ. ఇంటాయన బయట కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పనివాడే గానీ, ఇంట్లో మాత్రం జడ్జిగారు. ఆ పేరు పెట్టింది ఆయన కూతురే, ఆరో తరగతిలో ఉండగా. ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే మెయిలు. మనిషికో మెయిలు పెట్టుకుంటే మనిషికో మోసగాడు తగులుకుంటాడని ఆయన సిద్ధాంతం. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఆయన ఒక్కో ఉత్తరం తలకట్టు చదువుతాడు. భార్య, కూతురు, తల్లి ముగ్గురూ కలిసి "చెత్త" అంటారు. ఆయన మీట నొక్కుతాడు. చివర్లో బుట్ట కూడా ఖాళీ చేస్తాడు. చెత్తను ఇంట్లో నిలవ ఉంచుకోవడం శుభ్రం తెలియనివాళ్ళ లక్షణమట.

ఈ రోజు ముప్పై ఒక్క ఉత్తరాలున్నాయి.

"'ముప్పై రోజుల్లో ఒత్తయిన జుట్టు,'" అని గట్టిగా చదివాడు. ఆ రోజు దుకాణానికి వారపు సెలవు కాబట్టి గొంతులోకి కాస్త హుషారు తెచ్చిపెట్టుకున్నాడు.

ఎవరూ 'చెత్త' అనలేదు.

"ఈ మందు కనిపెట్టినవాడి ఫొటో చూడండి. వాడి నెత్తి మీద ఈగ వాలితే జారి పడుతుంది."

వంటింట్లో గిన్నె మీద మూత పడింది. నవ్వు మాత్రం రాలేదు.

కూతురు గదిలోంచి బయటికి వచ్చింది. బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. పన్నెండింటికి డ్యూటీ. ఇంకా తడి ఆరని జుట్టు భుజం మీదికి వేసుకుని వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడింది.

జడ్జిగారి ప్రాణం లేచి వచ్చింది. "కూర్చో. ఇదిగో ఇది విను, ఎవడో దూరదేశపు రాజుగారి భార్యట, ఆవిడ పెట్టె..."

"కాస్త జరగండి. ఛార్జరు తీసుకోవాలి."

జరిగాడు. ఛార్జరు తీసుకుని వెళ్ళిపోయింది.

ఇరవై మూడేళ్ళుగా 'నువ్వు' అన్న పిల్ల. మూడు రోజుల నుంచి 'మీరు' అంటోంది. వేరే ఇళ్ళలో అది మర్యాద కావచ్చు. ఈ ఇంట్లో అది తలుపు వేసుకోవడం.

అంతకన్నా పెద్ద శిక్ష టీవీది. హాల్లో దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. కప్పింది భార్య. మొన్న సాయంత్రం ఆయన ఎప్పటిలాగే ఓ పరాయి భాష సీరియల్ మన మాటల్లో వస్తుంటే చూస్తూ, కథానాయిక గొంతు మీద పడ్డాడు. "డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంది. ఈ గొంతును ఏరి తెచ్చినవాడికి చెవులు లేవా?" అన్నాడు. అప్పుడు కూతురు లేచి టీవీ ఆపేసింది.

"వీళ్ళ తరువాతి సీరియల్‌కు నా గొంతును ఏరారు నాన్నా. వంద భాగాలు. నాయిక గొంతు. వారం లోపల జవాబు రాయమన్నారు. ఆ ఉత్తరాన్ని మీరు చెత్తలో వేసి బుట్ట ఖాళీ చేశారు."

ఆ 'మీరు' అప్పుడు మొదలైంది.

ఉత్తరం ఆయనకు బాగా గుర్తుంది. 'అభినందనలు, మీ గొంతు ఎంపికైంది, వెంటనే స్పందించండి' అని తలకట్టు. కింద కూతురి పేరు కూడా ఉంది. "చూశారా, ఈ రోజుల్లో చెత్తకు కూడా మన పేర్లు తెలుసు" అని తనే అన్నాడు. గొంతులు కూడా కొంటున్నారు, రేపు తుమ్ములు కొంటారు అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. కూతురూ నవ్వింది. వారం గడువు ఈ రోజు సాయంత్రం అయిదింటికి తీరిపోతుంది.

ఇంట్లోవాళ్ళకు తెలిసింది ఇంతేనని ఆయన నమ్మకం.

తెలియనిది ఇంకొకటి ఉంది. జడ్జిగారి కోర్టులో చెత్త మూడు రకాలు. మామూలు చెత్త, పచ్చి చెత్త, జవాబివ్వదగిన చెత్త. మూడో రకానికి ఆయన కూర్చుని, మీసం దువ్వుకుంటూ, వెటకారంగా జవాబు రాస్తాడు. ఒకప్పుడు ఆ జవాబులు ఇంట్లో చదివి వినిపించేవాడు. రెండేళ్ళ కింద కరెంటు ఆఫీసు పంపిన నిజమైన నోటీసుకు 'మీ తాత దీపం పెట్టుకుని చదువుకోలేదా' అని రాసి, రెండు రోజులు ఇంటిల్లిపాదినీ చీకట్లో కూర్చోబెట్టాడు. అప్పుడు భార్య ఆయన చేత ఒట్టు వేయించుకుంది. ఇక జవాబులు రాయనని కూతురి తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు.

ఆ ఒట్టు నిలబడింది ఏడు నెలలు. తరువాత ఎవరూ దగ్గర లేనప్పుడు రాయడం మొదలుపెట్టాడు. ఆ గొంతు ఉత్తరానికి కూడా రాశాడు. అందరూ లేచి వెళ్ళాక, బుట్ట ఖాళీ చేసే ముందు రాశాడు, కూతురి పేరుతోనే సంతకం పెట్టాడు. టీవీ ఆపేసిన మర్నాడు తెల్లవారుతూనే లేచి, పంపిన ఉత్తరాల్లోంచి దాన్ని తీసేశాడు. ఇక ఆ సంగతి తనకూ ఆ కంప్యూటరుకూ తప్ప మూడో ప్రాణికి తెలియదనుకున్నాడు.

మిగిలిన ముప్పై ఉత్తరాలు అలాగే వదిలేసి లేచాడు.

* * *

కూతురు డ్యూటీకి వెళ్ళిన తరువాత భార్య వంటింటి గుమ్మంలో నిలబడింది. చేతిలో చిన్న కాగితం ముక్క.

"ఫోను చేశారా?"

"ఎవరికి?"

"నన్ను పిచ్చిదాన్ని చేయకండి. దాని పుస్తకంలోంచి ఆ స్టూడియో నంబరు రాసి మీ అద్దాల పెట్టె మీదే పెట్టాను నిన్న. ఇదిగో, కదపనైనా లేదు."

ఆయన చెమ్మగుడ్డ తీసుకుని కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాలో తోచనప్పుడు అద్దాలు తుడవడం ఆయన అలవాటు. "చూడు, అసలు అభినందనలు అని మొదలుపెట్టినవాడు ఈ లోకంలో ఒక్కడైనా నిజం చెప్పాడా?"

"మన పెళ్ళికి మీ మేనమామ రాసిన కార్డు కూడా అభినందనలు అనే మొదలైంది."

అందుకేగా అంటున్నాను అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇంకో రోజైతే అనేసేవాడే. మింగేశాడు.

"దాని చేతే చేయించొచ్చుగా," అన్నాడు.

"అడిగాను. చేయనంది. ఎందుకు చేయవే అంటే ఉలుకూ పలుకూ లేదు. చెరిపింది మీరు. అడగాల్సింది కూడా మీరే."

"నా ఒక్కడిదేనా తప్పు? ఆ రోజు అదీ చెత్త అంది. నువ్వూ అన్నావు. మా అమ్మ కూడా అంది."

"మీ అమ్మ పొద్దున్నే టిఫిను పెట్టినా చెత్త అనే అంటుంది, వినపడక." భార్య గొంతు తగ్గించింది. తగ్గిస్తే ఇంకా భయంగా ఉంటుంది. "అదే కదండీ నా బాధ. తన ఉత్తరం. మీరు చదువుతుంటే దానికి తెలిసిపోయింది. తెలిసి, మనందరికన్నా ముందు చెత్త అన్నది ఆ పిల్ల. అంత నవ్వులో ఇది నాదీ అని ఎలా చెబుతుంది? తరువాత బుట్టలోంచి తీసుకుందామనుకుంది. మీరు బుట్ట దులిపేశారు."

ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

"పెళ్ళయిన కొత్తలో సినిమా హాల్లో హంతకుడెవరో విశ్రాంతికి ముందే నా చెవిలో చెబితే, నా మొగుడు ఎంత తెలివైనవాడో అని మురిసిపోయాను. ఇరవై ఆరేళ్ళయింది. ఒక్క సినిమా, ఒక్కటంటే ఒక్కటి, ఆఖరి సీను తెలియకుండా చూశానా నేను? ఏడుపొచ్చే చోట మీరు ఏదో అంటారు, నవ్వొస్తుంది. నవ్వాక ఏడవలేం కదా. సరే, నా సినిమాలు పోతే పోయాయి. అది బీరువా తలుపు తీసి దుప్పట్ల మధ్య తల దూర్చి గొంతు రికార్డు చేసిందట. ఎందుకో తెలుసా?"

"చప్పుడు పడకుండా అలా చేస్తారట, అది పద్ధతే."

"అవును. చప్పుడు. ఈ ఇంట్లో చప్పుడంటే ఎవరు?"

జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

హాల్లోంచి తల్లి కేక వేసింది. "ఒరేయ్, ఆ దుప్పటి తీయరా. ఆ కోడలు జైల్లోంచి బయటపడిందో లేదో, మూడు రోజులైంది."

"పడదమ్మా. ఇంకో అరవై వారాలు లాగుతారు దాన్ని." అలవాటు కొద్దీ నోరు జారింది.

"నువ్వు చెప్పేది నాకు వినపడదు నాయనా. దేవుడు నాకా మేలు చేశాడు. చిన్నదాన్ని పిలు. టీవీ పక్కన కూర్చుని ఎవరేమన్నారో అది చెబుతుంది. ఈ ఇంట్లో దాని మాట ఒక్కటే నాకు తేటగా వినిపిస్తుంది."

ఆ సంగతి ఆయన ఇరవై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. నాయనమ్మకు మనవరాలంటే ముద్దు కాబట్టి అలా అంటుందనుకున్నాడు. గొంతు సంగతి అనుకోలేదు.

భార్య కాగితం ముక్క ఆయన చొక్కా జేబులో పెట్టింది. "మూడింటికల్లా చేయండి. చేయకపోతే నేనే చేస్తాను. ఏం జరిగిందో వాళ్ళనే అడుగుతాను."

వాళ్ళను అడిగితే వాళ్ళు చెబుతారు.

* * *

మేడ మెట్ల మీద కూర్చుని ఫోను చేసేసరికి మూడు దాటి పది నిమిషాలైంది. అవతల ఆడమనిషి గొంతు. పొద్దుటి నుంచి మాట్లాడి మాట్లాడి అలసిన గొంతు.

"చెప్పండి."

"నమస్కారమండీ. చాలా అత్యవసరమైన విషయం. దయచేసి ఫోను పెట్టేయకండి. మా అమ్మాయికి మీ దగ్గర ఓ గొప్ప అవకాశం వచ్చింది, ఈ రోజే ఆఖరి రోజు, అయిదింటి లోపల..."

చెబుతూ ఉంటే ఆ మాటలు ఆయనకే ఎక్కడో విన్నట్టనిపించాయి. రోజూ పొద్దున తను చెరిపే మాటలే అవి. అత్యవసరం, దయచేసి, గొప్ప అవకాశం, ఈ రోజే ఆఖరు.

"ఇలాంటి ఫోన్లు రోజుకు పది వస్తాయండీ," అందావిడ. "అందరి అమ్మాయిలదీ మంచి గొంతే. గొంతు నమూనా పంపించమనండి, మేమే చూసి చెబుతాం."

"పంపింది. మీరే ఏరారు. ఉత్తరం కూడా రాశారు." మెయిలు చిరునామా చెప్పాడు.

కాగితాలు కదిలిన చప్పుడు, మీటల చప్పుడు.

"ఆ అమ్మాయా?" ఆవిడ గొంతులో అలసట పోయింది. "మీ అమ్మాయి జవాబిచ్చేసిందిగా. అదే రోజు ఇచ్చింది."

"ఏమని ఇచ్చింది?" అని ఎందుకడిగాడో ఆయనకే తెలియదు. తెలియనట్టు నటించాలి కదా అనిపించి ఉంటుంది. అడగకుండా ఉండాల్సింది.

ఆవిడ చదివింది. రాగం లేకుండా, వెటకారం లేకుండా, రేషను కార్డులో పేర్లు చదివినట్టు చదివింది.

"'అయ్యా, మీ ఉత్తరం అందింది. నా గొంతు మీకు నచ్చినందుకు సంతోషం. కానీ మా ఇంట్లో గొంతులకు కరువుగా ఉంది. ఉన్నవి మేము పోట్లాడుకోవడానికే చాలడం లేదు. మీకివ్వడానికి మిగల్లేదు. పైగా మీరు చూపించే బొమ్మలకు గొంతు లేకపోతేనే జనం సుఖంగా నిద్రపోతారు. ఇకమీదట నన్ను ఏరకండి. ఇంకెవరైనా అమాయకురాలు దొరుకుతుందేమో వెతుక్కోండి.' కింద మీ అమ్మాయి పేరు."

రాసిన రోజు ఆ చివరి వాక్యం తరువాత ఆయన తనలో తను నవ్వుకుని ఇంకో గ్లాసు టీ పెట్టుకున్నాడు. ఇప్పుడు వింటుంటే నవ్వు వచ్చే చోటు ఎక్కడా కనపడలేదు.

"మూడు వందల మందిలో ఏరామండీ," అందావిడ. "ఇది చదివి మా వాళ్ళు చాలా బాధపడ్డారు. రెండో అమ్మాయికి అయిదింటికి ఫోను చేస్తున్నాం."

"అది... అది మా అమ్మాయి రాసింది కాదండీ."

"మరెవరు రాశారు?"

మెట్ల కింద భార్య బట్టలు ఆరేస్తోంది. ఆయన గొంతు తగ్గించాడు. "పొరపాటు జరిగింది," అన్నాడు.

"పొరపాటున ఎవరూ ఇంత శ్రద్ధగా రాయరండీ." అందావిడ. "సరే. రాసింది తను కాదని ఆ అమ్మాయినే చెప్పమనండి. నాకు తన గొంతు గుర్తే, ఇంకొకరు మాట్లాడితే తెలిసిపోతుంది. అయిదింటికి ముందు. అయిదు దాటితే నేను చేయగలిగింది లేదు."

* * *

బస్‌స్టాండు చేరేసరికి నాలుగూ నలభై. ఆయన ఆ బస్‌స్టాండులో ఎన్నోసార్లు బస్సెక్కాడు, కూతురు అక్కడ చేరాక కూడా. పైన స్పీకరు డబ్బాల్లోంచి వచ్చే గొంతును మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. అందరిలాగే బస్సు నంబరు వినిపించగానే సంచీ ఎత్తుకుని పరిగెత్తాడు.

"ఏడో నంబరు బస్సు రెండో ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. పెద్దవాళ్ళను ముందు ఎక్కనివ్వండి."

అంత రద్దీలో, హారన్లలో, పల్లీలమ్మేవాడి అరుపుల్లో ఆ మాట అందరికీ అందింది. ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని ఎవరో పక్కకు తప్పుకున్నారు. జడ్జిగారు జనం మధ్య నిలబడిపోయాడు. గొంతులో ఒక్క తప్పు వెతకాలని అలవాటుగా చూశాడు. దొరకలేదు.

విచారణ కిటికీ ముందు నలుగురు వరుసలో ఉన్నారు. వరుసలో నిలబడ్డాడు. అద్దం వెనక కూతురు, దాని ముందు మైకు, పక్కన గోడ గడియారం. అద్దానికి కింద అర్ధచంద్రంలా చిన్న కంత. ఆయన వంతు వచ్చేసరికి నాలుగూ నలభై ఎనిమిది.

"ఎక్కడికి?" అంది కూతురు తలెత్తకుండా. ఎత్తి చూసింది. మొహంలో ఏమీ మారలేదు. "ఇక్కడికెందుకొచ్చారు?"

"స్టూడియోకు ఫోను చేశాను. అయిదింటి లోపల నువ్వు ఆవిడతో ఒక్కమాట చెబితే చాలు. ఇంకా చోటుంది."

"ఏం చెప్పాలి?"

ఆయన వంగి కంత దగ్గరికి మొహం పెట్టాడు. "ఆ ఉత్తరం... చెరపడం ఒక్కటే కాదమ్మా, ఇంకో సంగతుంది."

"ఒక్క నిమిషం." కూతురు మైకు మీట నొక్కింది. "పన్నెండో నంబరు బస్సు పది నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ప్రయాణికులు ఓపిక పట్టగలరు." మీట వదిలింది. "చెప్పండి."

"దానికి జవాబు కూడా వెళ్ళింది."

"వెళ్ళిందా, పంపారా?"

"నీకెలా..."

"ఆ రోజు సాయంత్రమే చూశాను. బుట్టలో ఉత్తరం లేకపోతే, పంపినవాటిలో వెతికాను. అక్కడుంది. నా పేరుతో." గొంతు పెరగలేదు, వణకలేదు. అదే బస్సుల గొంతు. "అయిదు రోజులు ఆగి, మొన్న టీవీ ఆపి సగం చెప్పాను. మిగతా సగం మీరు చెబుతారని చూశాను. మర్నాడు పొద్దున చూస్తే అక్కడ అది కూడా లేదు."

వెనక ఒకావిడ మూట మార్చుకుంటూ, "అయ్యా, మీరడిగేది అయిందా, నా బస్సు పోతుంది," అంది.

"ఒక్క నిమిషం తల్లీ," అన్నాడు వెనక్కి చూడకుండా. తల కొట్టేసినట్టయింది ఆయనకు. "చూశాక నువ్వే వాళ్ళకు రాయొచ్చు కదమ్మా. రాసింది నేను కాదని."

"రాయొచ్చు. కూర్చున్నాను కూడా. రాసింది నేను కాదు అంటే ఎవరని అడుగుతారు. మా నాన్న అని రాయాలి. మా నాన్న ఇలాంటివాడు, నా పేరు పెట్టి నన్నే వెక్కిరిస్తాడు, తరువాత దాస్తాడు అని రాయాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు నా చేత్తో అది రాయలేకపోయాను." గడియారం వైపు చూసింది. "మీరే చెబుతారనుకున్నాను. నాకు చెప్పినా చాలనుకున్నాను."

"తప్పు చేశానమ్మా." ఆయన ఆ మాట ఎవరితోనైనా అని ఎన్నేళ్ళయిందో. "నీదని తెలియదు. తెలిసుంటే..."

"తెలిసుంటే ఇంకా బాగా రాసేవారు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆయన ఫోను తీశాడు. రోజంతా సన్నటి అద్దాలు వెంట్రుకవాసి తేడా రాకుండా పట్టుకునే చేతులతో నంబరు రెండుసార్లు తప్పు నొక్కి మూడోసారి కలిపాడు. నాలుగూ యాభై అయిదు. కంతలోంచి ఫోను లోపలికి పెట్టాడు.

"చెప్పు. రాసింది మా నాన్న అని చెప్పు. పెద్దవాడు, వేళాకోళం ఎక్కువ, తప్పు ఒప్పుకున్నాడు అని చెప్పు. ముందు నమస్కారం పెట్టు. తరువాత, నాకు ఈ అవకాశం చాలా..."

కూతురు ఆయన వైపు చూసింది. ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు కూడా డైలాగు తనే చెబుతున్నాడు.

"హలో," అంది ఫోనులో ఆవిడ. గొంతు కంతలోంచి బయటికి వినిపిస్తోంది. "ఎవరండీ?"

కూతురు తన పేరు చెప్పింది.

"గుర్తుపట్టానమ్మా. మీ నాన్నగారు ఫోను చేశారు. సూటిగా అడుగుతాను, ఏమనుకోకు. మాకొచ్చిన ఆ జవాబు రాసింది నువ్వేనా, ఇంకెవరైనానా?"

అద్దానికి అటు కూతురు, ఇటు తండ్రి. వెనక మూటావిడ కూడా ఏదో పెద్ద సంగతని తెలిసినట్టు ఊరుకుంది. ఆయన తల ఊపాడు, చెప్పు అన్నట్టు. పెదవులు కూడా కదిపాడు. మా నాన్న.

"నేనేనండీ," అంది కూతురు.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు.

"నేనే రాశాను. ఆ రోజు ఇంట్లో అందరూ ఆ ఉత్తరం చూసి నవ్వారు. నేనూ నవ్వాను. నాదని చెప్పే ధైర్యం లేకపోయింది. ఈ రోజు ఉంది. ఇంకా చోటుంటే నేను చేస్తాను. లేదంటే లేదని చెప్పండి, నేనేమీ అనుకోను."

ఫోనులో వెనకెక్కడో మగ గొంతు ఏదో అడిగింది. ఆవిడ ఏదో చెప్పింది. "మీ నాన్నగారు మాత్రం నువ్వు రాయలేదన్నారే," అంది చివరికి.

"మా నాన్న నన్ను వెనకేసుకొస్తున్నారండీ."

జడ్జిగారు కిటికీ అంచు పట్టుకున్నాడు. ఆ పిల్ల తిట్టినా పడేవాడు. ఊళ్ళో అందరికీ వినపడేలా మైకులో చెప్పినా పడేవాడు. ఈ మాట ఎలా పడాలో ఆయనకు తెలియలేదు. ఇరవై మూడేళ్ళలో ఏ ఒక్కరోజు ఆ పిల్లను వెనకేసుకొచ్చాడో గుర్తు చేసుకుందామని చూశాడు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండమ్మా. మా పెద్దాయనను అడిగి చెబుతాను. నీకు ఒకటే మాట చెబుతాను, జాగ్రత్తగా విను, మళ్ళీ చెప్పను," అందావిడ. ఫోనులో పాట మొదలైంది.

గోడ గడియారంలో నాలుగూ యాభై తొమ్మిది. అయిదింటి బస్సు లోపలికి వచ్చి మూడో ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. జనం లేచారు. ఏ బస్సో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. డ్రైవరు కిటికీ వైపు చూసి హారన్ కొట్టాడు.

కూతురు ఫోను తీసి కంతలోంచి బయటికి తోసింది.

"నాకు బస్సుంది. ఆవిడ ఏం చెబుతుందో నువ్వు విను నాన్నా. మధ్యలో మాట్లాడకు. ఆవిడ ఏమంటే అదే నాకు చెప్పు."

నువ్వు, అంది.

ఆయన ఫోను చెవికి ఆనించుకున్నాడు. రెండో చేత్తో రెండో చెవి మూసుకున్నాడు. పైన డబ్బాల్లోంచి కూతురి గొంతు మొదలైంది, ఎక్కడా తొణక్కుండా, బస్సు నంబరు చెబుతూ. సరిగ్గా అప్పుడే ఫోనులో పాట ఆగింది.

"హలో," అందావిడ. "అమ్మా, వింటున్నావా?"

తను అమ్మాయిని కాదని చెప్పాలి. చెబితే మధ్యలో మాట్లాడినట్టే. ఆయన నోరు తెరిచి, మూసుకున్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. జడ్జిగారు కళ్ళు మూసుకుని ఒక్కో మాటా విన్నాడు.